చెప్పుకుంట నడువుమన్న తాత

మొన్న బేస్తారం పొద్దుగాల కోరుట్ల నుంచి ఫోనొచ్చింది. తాత పోయిండు. ఫోన్ చేసింది ఆయన బిడ్డ, నేను అక్కా అని పిలుస్త. ఆమె గొంతుల ఏడుపు లేదు, జరిగింది ఇంకా తలకెక్కనట్టే మాట్లాడుతున్నది. ఎప్పటిలెక్కనే లేచిండట, మొఖం కడుక్కొని కుర్చీల కూసున్నడట. చాయ తాగుకుంట, వేడిగున్నప్పుడు లేని మీగడ సల్లారంగనే ఎందుకు కడ్తదే బిడ్డా అని అడిగిండట. ఆమె పొయ్యి బందు వెట్టి వచ్చేసరికి మెడ పక్కకు వాలి ఉన్నదట. ఎనబై దాటిన మనిషి, ఒక్కరోజు మంచంల పడలే. ఇంతకంటె మంచి చావు ఎవరికొస్తది అని ఫోన్ల నేనే అక్కకు ధైర్యం చెప్పిన. ఫోన్ పెట్టేసినంక మా వాకిట్లనే కూలవడి పిల్లగాని లెక్క ఏడ్సిన.

తాత అంటున్న గని ఆయన మాకు చుట్టం కాదు. సిరిసిల్లల మా ఇంటెనుక ఇల్లు ఆయనది. మాది సాంచాలు నడుపుకునే కుటుంబం, సాంచాలంటే మరమగ్గాలు. ఆయన తాళ్ళెక్కి కల్లు గీసేటోడు, ముస్తాబాద్ దిక్కు నుంచి పెండ్లైనంక ఇటు వచ్చి స్థిరపడ్డడు. మా రెండిండ్ల నడుమ ఒక్క మట్టిగోడ ఉండె. నాకు ముప్పై ఆరేండ్లు. ఇయ్యాల కూసొని మీకు గీ ముచ్చట చెప్తున్ననంటె, ఆ మనిషి నా ఊపిరిని రెండుసార్లు కనిపెట్టి చూసినందుకే. ఒకసారి నేను చిన్నగున్నప్పుడు, ఒకసారి మూడేండ్ల కింద.

ఆయనకొక రోగముండె, అడుగుడు రోగం. కనవడ్డోన్నల్లా ఏదో ఒకటి అడగాలె. పశువుల డాక్టరొస్తె, బర్రెకు గూడ తలకాయ నొస్తదా సారూ, నొస్తె మనకెట్ల ఎర్కైతది అనేటోడు. ఆసుపత్రికి పోతె, గోలీ పోయేది కడుపులకు గదా, మరి దానికి తలకాయ ఎక్కడున్నదో ఎవరు చెప్పిండ్రు అని కంపౌండర్‌ను ఆపుకొని కూసునేటోడు. నవ్వితె నవ్వనిచ్చేటోడు, జవాబు మాత్రం చెప్పిందాక ఇడువకపోయేది. తెల్వదు అని చెప్పినోళ్ళంటే ఆయనకు మస్తు ఇష్టం. "తెల్వదన్నడంటే నమ్మొచ్చు వాన్ని" అనేటోడు.

నేను పుట్టుకతోనే గుండె సరిగ్గ లేనోన్ని. గుండె లోపలి గోడకు ఓటి, అంటే రంధ్రం, ఉండె. ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి సన్నగుండె. అప్పుడు మాకు గివన్ని తెల్వది. పెదవులు ఎప్పుడు నేరేడుపండ్లు తిన్నట్టుండేవి, నాలుగడుగులేసి గొంతుకూసునేటోన్ని. ఎత్తుకొమ్మని మొండికేస్తున్నడని అవ్వ, అంటే మా అమ్మ, రెండు సరిచేది, మా అవ్వను తప్పు పట్టేదేం లేదు. అందరు గట్లనే అనుకునేది.

తాత ఒక్కడే అనుకోలే. గోడ మీది నుంచి వారం రోజులు నన్ను చూసిండట. తర్వాత మా బాపును పిలిచి చెప్పిన మాట మా ఇంట్ల ఇప్పటికి చెప్పుకుంటం. "మొండోడైతె మనం చూస్తున్నప్పుడే కూసుంటడు. వీడు ఎవ్వలు లేనప్పుడు గూడ కూసుంటుండు. గట్ల కూసుంటె వానికేదో నిమ్మళమైతున్నది. అదేందో డాక్టర్‌ను అడుగు."

బాపు అడిగిండు. ఒక డాక్టర్ ఇంకో డాక్టర్ దగ్గరికి పంపిండు, ఆయన హైదరాబాద్‌కు రాసిచ్చిండు. అక్కడి పెద్ద డాక్టర్ చెప్పిందేందంటె, గొంతుకూసుంటె కాళ్ళ నరాలు ఒత్తుకుంటయి, దాంతోని ఇంత ఎక్కువ రక్తం ఊపిరితిత్తుల దిక్కు మళ్ళుతది, పోరనికి ఎవ్వలు నేర్పకున్న పానమే నేర్పింది అని. బాపు తిరిగొచ్చి ఇది చెప్తె, అవ్వ నన్ను దగ్గరికి తీసుకొని ఏడ్సిందట. తాత మాత్రం తెల్లారి కల్లు మండువల అందరి ముంగట గొంతుకూసొని లేచి చూపించిండట, కాళ్ళల్ల రక్తం ఎట్ల ఒత్తుకుంటదో.

ఆరేండ్లప్పుడు నాకు ఆపరేషన్ అయింది. సన్నగున్న దారిని కోసి వెడల్పు చేసిండ్రు. ఓటిని గుడ్డముక్క పెట్టి కుట్టిండ్రు. ఏం గుడ్డ అని మా బాపు అడిగిండు, బట్ట నేసేటోడు గదా, అడుగక ఎట్లుంటడు. పాలిస్టర్ అన్నరట. సిరిసిల్లల మేము రోజు నేసేది గదే. కొడుకు గుండెల పాలిస్టర్ ఉన్నదని బాపుకు భయమైందో గర్వమైందో, ఇంటికి రాంగనే గల్లంత చెప్పిండు. తాత సంబురం చూడాలె. రక్తంల రాత్రింబగళ్ళు నానుతది గదా, ముడుసుకపోదా? పిల్లగాడు పెరుగుతడు, గుండె పెరుగుతది, మరి గుడ్డెట్ల పెరుగుతది? బాపుకు తెల్వక మల్ల చూపించుకునే రోజుకు తాతను గూడ తోలుకపోయిండు. గుడ్డ పెరగదు, కొన్ని నెలలకు దాని మీద కండ పరుసుకుంటది, మిగిలిన గుండె దాని సుట్టు పెరుగుతది అని డాక్టర్ ఓపికతోని చెప్పిండట. తాత ఆ జవాబును బస్సుల సిరిసిల్ల దాక ఆలోచించుకుంటనే వచ్చిండని బాపు నవ్వేటోడు.

ఆ రోజే డాక్టర్ ఇంకో మాట గూడ చెప్పిండు. దారి వెడల్పు చేసినప్పుడు ఆడున్న వాల్వు చెడిపోయింది, కొంచెం కారుతది, ఇప్పటికేం కాదు గని పెద్దగైనంక గూడ ఏడాదికోసారి చూపించుకోవాలె అని. మా వాళ్ళ చెవులకు బాగైంది అన్న మాటే పట్టింది. పెదవులు ఎర్రగైనయి, నడుస్తున్నడు, ఇంకేం కావాలె? కొన్నేండ్లు పోయినం, తర్వాత మానేసినం. ఆపరేషన్ అయిందంటే ముచ్చట అయిపోయిందనే మాకు ఎర్క.

అవ్వ నన్ను ఉరకనియ్యకపోయేది. బడిల ఆటలు బందు, బిందె ఎత్తుడు బందు, దసరాకు జమ్మి కోసం పోరగాళ్ళంత ఉరుకుతుంటె నేను అరుగు మీద. తాత అవ్వతోని కొట్లాడి పొద్దుగూకే యాళ్ల నన్ను తాటివనం దాక తోలుకపోయేటోడు. ఆయనకు ఒక్కటే పద్ధతి. చెప్పుకుంట నడువు, అనేటోడు. బడి పాఠమో, సినిమా కథో, ఏదైన సరే నోరు ఆగొద్దు. మాట మధ్యల తెగిందంటే నిలవడాలె. మాట మల్ల అతికినంక నడవాలె. ఎవరు నేర్పిండ్రు తాతా నీకిది అంటే, తాడిచెట్టే నేర్పింది అనేటోడు. సగం ఎక్కినంక చిన్నగ కూనిరాగం తీసి చూసుకునేదట. రాగం వస్తె పైకి, రాకుంటె మోకు మీద బరువేసి ఆగుడు. ఎక్కేటప్పుడు అందరి గుండె కొట్టుకుంటది, దిగి లొట్టిల కల్లు వడగట్టే లోపల అది సల్లవడ్డదా లేదా చూసుకోవాలె అని గూడ చెప్పేటోడు. యాబై ఏండ్లు తాళ్ళెక్కినోడు ఒక్కసారి పడలే.

పద్దెనిమిదేండ్లకు నేను సాంచాల మీదికొచ్చిన. మీరు ఎప్పుడన్న షెడ్డుల అడుగువెట్టిండ్రో లేదో, ఆ చప్పుడుల పక్కోని మాట పక్కోనికి ఇనవడది. అందుకే మాకు చేతులే నోరు. పోగు తెగిందంటే రెండు వేళ్ళు, చాయ అంటే బొటనవేలు, సేటు వస్తుండంటే మీసం మీద చెయ్యి. పెండ్లిసంబంధాలు గూడ చేతులతోనే మాట్లాడుకుంటరు మావోళ్ళు. పదిహేనేండ్లు గట్లనే పని చేసిన. రోజంత సాంచ నుంచి సాంచకు నడుసుడే, నోరు మాత్రం తెరిచేది లేదు.

ఊపిరి ఒక్క రోజుల తగ్గితె ఎవనికైన ఎర్కైతది. ఏండ్లకేండ్లు తగ్గితె మనమే దానికి తగ్గట్టు సర్దుకుంటం, సర్దుకున్నమని గూడ తెల్వది. ఆరు సాంచాలు నడిపేటోన్ని నాలుగుకొచ్చిన, చూపు ఎక్కువ పెట్టొచ్చని అనుకున్న. బరువు మోసే పని దోస్తులకు ఇడిసిపెట్టిన, నాకు ఆపరేషన్ అయింది గదా అని వాళ్ళే మోసేది. షెడ్డుకు నడిసిపోయేది మాని బండి కొన్న, అందరు కొన్నరు. మాది జగిత్యాల సంబంధం. నా భార్య, నీకు ఆయాసమొస్తున్నట్టున్నది అని రెండుమూడు సార్లు అన్నది. నేను మంచిగనే ఉన్న అన్న. అబద్ధం చెప్పలే, నాకు మంచిగనే అనిపించేది.

మూడేండ్ల కింద నా బిడ్డ తొట్టెల, అంటే ఉయ్యాల పండుగ, చేసినం. అప్పటికి తాత తాళ్ళు బందు పెట్టి, భార్య పోయినంక కోరుట్లల బిడ్డ కాడ ఉంటుండె. బస్సెక్కి ఒక్కడే వచ్చిండు. తిన్నంక బస్టాండు దాక తోలిచ్చిరా, నడుసుకుంట పోదాం అన్నడు. దారిపొంటి ఆయన అలవాటు ప్రకారం అడుగుతుండు, నేను జవాబు చెప్తున్న. ఎన్ని సాంచాలు నడుపుతున్నవంటే నాలుగు వేళ్ళు చూపించిన. నీ బిడ్డ రాత్రిపూట పండుకుంటుందా అంటే చెయ్యి అటుఇటు ఊపిన. కొంచెం దూరం పోయి ఆయన నిలవడ్డడు.

చేతులతోని ఎందుకు మాట్లాడుతున్నవ్ రా అన్నడు. షెడ్డు అలవాటు తాతా అని చెప్పబోయిన. షెడ్డు అనేసరికే నా మాట తెగింది.

"అలవాటైతె చేతులు కదుల్తయి, సరే" అన్నడు. "మరి నోరెందుకు తెరిచే ఉన్నది కొడుకా?"

నాకు శానా కోపమొచ్చింది. సుట్టాలందరు ఇంట్ల ఉన్నరు, నా బిడ్డ తొట్టెల రోజు, ఈయనకు ఇయ్యాలనే దొరికిందా అనుకున్న. నీ అడుగుడు రోగం ఇంకా తగ్గలేదా అని గూడ అన్న. ఆయన నవ్వలే. రోడ్డు పక్కన ఒక దుకాణం అరుగు మీద కూసొని, నన్ను గూడ కూసోమని, సెయ్యి పట్టుకొని చాన సేపు ఇడువలే. బస్సొకటి పోయింది, రెండోది గూడ పోయింది. నా గుండె సల్లవడే దాక ఆయన లేవలే. ఆ సేపంత నాకు భయమే. ఇన్నేండ్లు నేను చేతులతోని మాట్లాడింది చప్పుడుకు కాదా, ఊపిరి లేకనా? ఎప్పటి నుంచి? షెడ్డుల ఎవ్వలకు ఎర్క కాలే, ఎందుకంటె ఆడ ఎవ్వలం మాట్లాడం.

వారం తిరగకముందే జగిత్యాలల గుండె డాక్టర్ దగ్గరికి పోయినం. తాత కోరుట్ల నుంచి మాకంటె ముందే వచ్చి బల్ల మీద కూసున్నడు. ఆ డాక్టర్ స్కానింగ్ చేసి, వాల్వు మస్తు కారుతున్నది, హైదరాబాద్‌కు పోండ్రి అన్నడు. ఆడ నాకు మూతికి మాస్కు కట్టి, కదలని సైకిల్ తొక్కిచ్చిండ్రు. ఎంత గాలి తీసుకుంటున్నడు, దాంట్ల ఎంత ఆక్సిజన్ కండలకు వాడుకుంటున్నడు అని ఆ మిషన్ చూస్తదట. తొక్కుతుంటె బరువు పెంచుకుంట పోయిండ్రు. నేను మస్తు తొక్కిన అనుకున్న. మిషన్ చెప్పిందేందంటె, నా ఈడు మనిషికి ఉండాల్సినదాంట్ల సగం కంటె కొంచెం ఎక్కువ, గంతే.

తాతను లోపలికి రానియ్యలే, అద్దంల నుంచి చూసిండు. బయటికి రాంగనే డాక్టర్‌ను పట్టుకున్నడు. ఇంత తక్కువుంటె వీడు మంచిగనే ఉన్న అని ఎట్లంటడు సారూ, వీడు అబద్ధమాడే పోరడు కాదు అన్నడు. డాక్టర్ ఆయన దిక్కు తిరిగి కుర్చీ జరుపుకున్నడు. పుట్టుకతో గుండె జబ్బున్నోళ్ళు శానా మంది గిట్లనే చెప్తరు తాతా, నిండు ఊపిరి ఎట్లుంటదో వాళ్ళకెన్నడు తెల్వదు, దేనితోని పోల్చుకుంటరు, అందుకే మేము మాట నమ్మకుండ మిషన్ పెడ్తం అని చెప్పిండు. తాత తల ఊపి, నేను గూడ వీని మాట నమ్మలే అన్నడు. డాక్టర్ నవ్విండు. ఏం చేసి కనిపెట్టిండో ఇని నవ్వు ఆపిండు, మల్ల మొదటికెళ్ళి చెప్పించుకున్నడు.

తర్వాత చెప్పింది నవ్వులాట ముచ్చట కాదు. కారిన రక్తం వెనుకకొచ్చి వెనుకకొచ్చి గుండె కుడి భాగం సాగింది, శానా పెద్దగైంది. కొత్త వాల్వు వేస్తె అది మల్ల చిన్నగ కావచ్చు. గని సాగుడుకు ఒక హద్దున్నది. అది దాటినంక వాల్వు వేసినా గుండె మల్ల చిన్నగ కాదు. మీరు హద్దు మీదున్నరు అన్నడు డాక్టర్. దాటిండా దాటలేదా అని తాత అడిగిండు. తెల్వదు అన్నడు డాక్టర్, ఆపరేషన్ చేసి రెండేండ్లు ఆగి చూస్తెనే తెలుస్తది. మాకు ఆ తెల్వదు అన్న మాట తోనే ఆయన మీద నమ్మకం కుదిరింది, ముందుగాల తాతకు కుదిరింది.

చిన్నప్పటి గీత మీదనే మల్ల కోసిండ్రు. ఆపరేషన్ ముచ్చట చెప్ప, ఎవ్వలకు వద్దు అది. ఇంటికొచ్చినంక నడువుమన్నరు, రోజింత పెంచుకుంట. ప్రతి ఐతారం తాత ఫోన్ చేసేటోడు. చెవికి ఫోన్ పెట్టుకొని నడువు, నీ ఊపిరి నాకు ఇనవడాలె అనేటోడు. మా వీధి చివరి దాక నేను ఏదో ఒకటి చెప్పుకుంట పోయేటోన్ని, అటు దిక్కు ఆయన ఊ కొట్టేటోడు. ఫోన్ పెట్టే ముందు ప్రతిసారి ఒక్కటే అడిగేది, గుండె చిన్నగైందా అని. ఇంకా చూడలే తాతా అంటే, సరేగని ఎప్పుడు చూస్తరు అనేటోడు. నాకంటె ఆయనకే తొందర. నేనైతె ఆ ముచ్చట తలుచుకోకుంట ఉండాలని చూసేటోన్ని. హద్దు దాటినట్టైతె నా బిడ్డ బడికి పోయేనాటికి నేను ఎట్లుంటనో అని ఒక్కసారి ఆలోచన మొదలైతె నిద్ర వచ్చేది కాదు.

పోయిన మంగళారం స్కానింగ్ చేసిండ్రు, సైకిల్ గూడ తొక్కిచ్చిండ్రు. నిజానికి ఆ రోజే ఫోన్ చెయ్యాలె. చెయ్యలే. ఇంత పెద్ద జవాబు ఫోన్లెందుకు, ఐతారం బిడ్డను తీసుకొని కోరుట్లకే పోదాం, మొఖం చూసుకుంట చెప్దాం అని నేను, నా భార్య అనుకున్నం. బుధారం తాతే ఫోన్ చేస్తె, ఐతారం వస్తున్న తాతా అని మాత్రం చెప్పిన. వచ్చేదాక నన్ను ఆగుమంటవా అని గునిసిండు. ఆ మాట నన్ను ఇప్పటికి తింటున్నది. ఆయన దగ్గర ఎవ్వలు జవాబు దాచిపెట్టొద్దు, అది తెలిసి గూడ నేను దాచిన.

బేస్తారం పొద్దుగాలనే వేములవాడ మీదంగ కోరుట్లకు పోయినం. పాడె ఎత్తే యాళ్లకు నేను భుజం పెట్టబోతె, ఆపరేషన్ అయినోడివి నువ్వొద్దు అని ఇద్దరు ముగ్గురు ఎనుకకు గుంజిండ్రు. అక్క వాళ్ళను వద్దన్నది. మా బాపు వీన్ని నడిపిచ్చిందే గందుకు అన్నది. ఎడమదిక్కు ముంగట కొస నేను పట్టిన. ఆయన బరువు ఎంతనుకున్నరు, ఏం లేదు, ఎండిన కట్టెలే ఎక్కువ బరువు.

దారి నడుమ పాడె దించిండ్రు. దింపుడు కళ్లం అంటం మేము. అయినోళ్ళు చెవిల మూడుసార్లు పిలుస్తరు, పానం ఏడన్న మిగిలి ఉంటె పలుకుతడని. అల్లుడు మామా అని పిలిచిండు. అక్క వంగి బాపూ, బాపూ, బాపూ అన్నది. డప్పులు ఆగినయి. ఆమె లేచి నా దిక్కు చూసి, నువ్వు గూడ పిలువు అన్నది.

నేను మోకాళ్ళ మీద కూసొని చెవి కాడికి వంగిన. పిలువలే.

"తాతా, చిన్నగైంది" అన్న. "పూరాగ కాలే, చాన మటుకు తగ్గింది. హద్దు దాటలేదట. ఊపిరి మాత్రం కొంచెమే పెరిగింది, ఇగ నడుసుడే మందట, రోజు నడుస్త."

అంత మాట తెగకుంట ఒక్కతీరుగ చెప్పిన. చెప్పినంక గూడ లేవలే, ఇంకేమన్న అడుగుతడేమోనని జర సేపు అట్లనే వంగి ఉన్న. ఆయన చెవిల పెట్టిన పత్తి నా ఊపిరికి కదులుతున్నది.